ఎనిమిదో మనిషి

జులై 8, సోమవారం

దీవెన నాలుగో అధ్యాయం తెచ్చింది. మధ్యాహ్నం స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే ఉన్నాను. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా నా టిఫిన్ డబ్బా బరువు పెట్టి ఒక్కో పేజీ తిప్పి చూపించింది. అయిదేళ్ల పని. రామచంద్రపురం చుట్టుపక్కల అరవై మూడు నాట్ల ముఠాలు తిరిగింది. ఏ ముఠాలో చూసినా ఏడుగురే ఆడవాళ్లు. అందులో వింతేమీ లేదు, మా వైపు పుట్టిన ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. ఈ పిల్ల ఏం చేసిందంటే, పన్నెండు ముఠాల వాళ్లని బతిమాలి చేలో ఎనిమిదో మనిషిని దింపింది. తర్వాత తొమ్మిదో మనిషిని. అలా పన్నెండో మనిషి దాకా. తను గడియారం పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"ఎనిమిదో మనిషి దగ్గర తలకి పడే పని ఏమీ తగ్గట్లేదు మేడం. ఇంకా పెరుగుతోందండి. పదకొండు దాటాకే తగ్గుతోంది. ఎనిమిది దగ్గరే తగ్గుతుందన్న జీవరాజు గారి పట్టికకీ దీనికీ అసలు పొంతనే లేదండి" అంది.

మళ్లీ చూసుకోమన్నాను.

"మూడు సార్లు చూసుకున్నానండి. ఆయన సర్వే కాగితాలు దొరికితే బావుణ్ణు. ఏ ఊళ్లో చేశారో కూడా నోట్సులో లేదు. 'డెల్టాలోని ఒక గ్రామం' అని ఉందంతే. మీరు ఆయన స్టూడెంట్ కదండి, మీకేమైనా తెలుసా?"

తెలీదన్నాను.

ఫెలోషిప్ సెప్టెంబరుతో ఆఖరు. ఆగస్టు రెండున సెమినారు. అక్కడ కమిటీ ఒప్పుకుంటేనే థీసిస్ ఇవ్వగలదు, లేకపోతే అయిదేళ్లూ గోదాట్లో పోసినట్టే. కమిటీలో జానకిరామ్ గారున్నారు. ఆయన రాసిన గైడు పుస్తకంలో ఆ పట్టికకి రెండు పేజీలు, దాని కింద నక్షత్రం గుర్తు, 'అతి ముఖ్యం' అని. నేను ఈ పిల్ల సూపర్‌వైజర్ని. వెన్నుదన్నుగా ఉండాల్సిన మనిషిని.

జులై 9, మంగళవారం

బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు రాక ఇంకొకటి వేసుకున్నాను.

జులై 11, గురువారం

ఎం.ఏ. రెండో ఏడు వాళ్లకి కొత్త యూనిట్. పుస్తకంలో దాని పేరు 'పథ పరాధీనత'. తెలుగులో పెట్టామని సంబరపడే వాళ్లకి పలికేవాళ్ల నోటి మీద జాలుండదు. నేను మామూలుగానే చెప్పాను. చేనుకి అడ్డంగా మొదట ఎవరో ఒకాయన నడుస్తాడు. గడ్డి అణుగుతుంది. రెండో ఆయన అణిగిన చోటే నడుస్తాడు, కాలికి సుఖం కనుక. తర్వాత అక్కడ సైకిళ్లు, తర్వాత కంకర, తర్వాత రోడ్డు. మొదటాయన ఎందుకు అటు వెళ్లాడో, తిన్నగా వెళ్తే దగ్గరయ్యేదో ఎవరూ అడగరు. ఆర్థికశాస్త్రంలో ఆలోచనలూ అంతే. సరైనవి కాబట్టే నిలుస్తాయని లేదు. ముందు వచ్చినవి, తర్వాత వచ్చినవన్నీ వాటి మీద కట్టుకున్నవి కాబట్టి నిలుస్తాయి.

కిరణ్ కుమార్ వెనక బెంచీ నుంచి లేచాడు. "తప్పు దారని తెలిశాక వెనక్కొచ్చేస్తే సరిపోద్ది కదండీ?"

"అప్పటికి దారి పొడుగునా ఇళ్లు కట్టేసుకుంటారు నాయనా. ఖాళీ చేస్తావా?"

క్లాసంతా నవ్వింది. వాడు కూర్చోలేదు. "పోనీ మొదట నడిచినాయన చెప్పొచ్చు కదండి? నేను దారి తప్పి ఇటొచ్చానని."

గంట కొట్టారు కాబట్టి తర్వాత చెబుతానన్నాను.

గంట కొట్టలేదు. ఇంకా అయిదు నిమిషాలుంది.

జులై 14, ఆదివారం

చర్చిలో పాపపు ఒప్పుకోలు. యాభై ఏళ్లుగా చెబుతున్నాను, నోటికి అదే వచ్చేస్తుంది. అందరం కలిసి తలొంచుకుని 'మేము తలంపుతోను మాటతోను క్రియతోను' అంటాం. ఎంత హాయిగా ఉంటుందో! 'మేము' అంటే రెండొందల మంది. ఎవరి వాటా ఎంతో దేవుడే తేల్చుకోవాలి. అందరితో పాటు లేచి పాట కూడా పాడాను. ఇంటికొచ్చి కూర తరుగుతూంటే కత్తిపీట దగ్గరే ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు కావు, బెండకాయలు. మా ఆయన చూడలేదు.

ఇది నా డైరీ. ఇక్కడ కూడా 'మేము' అనే రాస్తానా?

1989. నాకు ఇరవై రెండు. జీవరాజు సార్ తెలుగులో ఆర్థిక భావాల చరిత్ర నోట్సు తయారుచేస్తున్నారు. అప్పటికి తెలుగులో అలాంటిది లేదు, ఇంగ్లీషు రాని పిల్లలు పేజీలకి పేజీలు బట్టీ పట్టి తప్పేవాళ్లు. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని సైక్లోస్టైల్ కాపీలు తీసే స్టెన్సిల్ రాసే పని నాకిచ్చారు. మైనం పూసిన కాగితం మీద ఇనప కలంతో గీకాలి. పొరపాటు పడితే కాగితమంతా పాడే. సార్ చేత్తో రాసిన కాగితాలు సంచిలో పెట్టుకుని కోటిపల్లి రేవులో పడవెక్కి ముక్తేశ్వరం ఇంటికి వెళ్లేదాన్ని. ఒకరోజు సాయంత్రం నడి గోదాట్లో గాలి వీచింది. సంచి మూతి తెరిచే ఉంది. ఒకే ఒక్క కాగితం లేచిపోయింది. నీళ్ల మీద కాసేపు తేలింది కూడా. పడవవాడు నవ్వాడు.

అది పట్టిక ఉన్న కాగితం. ఒక చేలో నాటే మనుషుల్ని ఒక్కొక్కరినీ పెంచుతూ పోతే ఎన్నో మనిషి దగ్గర ఫలితం తగ్గడం మొదలవుతుందో సార్ స్వయంగా సర్వే చేసి వేసిన పట్టిక. క్షీణ ప్రతిఫలాల సూత్రాన్ని మన పొలంలో చూపిస్తానని ఆయన పట్టుదల. మర్నాడు స్టెన్సిల్ ఇచ్చెయ్యాలి. పోయిందని చెప్పడానికి భయమేసింది. సార్ తిట్టరు. తిట్టకుండా ఒక చూపు చూస్తారు, దానికి భయం.

అంకెలు నేనే వేశాను. స్టెన్సిల్లో మిగిలిన చోటు పది వరుసలకే సరిపోతుంది. పది వరుసల్లో ఎక్కి దిగినట్టు కనిపించాలంటే ఏడు దాకా ఎక్కించి ఎనిమిదో మనిషి దగ్గర దింపాలి. అందుకే ఎనిమిది. ఇంకే కారణమూ లేదు.

సార్ చూసి "అచ్చులా ఉందమ్మా" అన్నారు.

పోయిన కాగితంలో ఎంత అని ఉందో నాకు గుర్తులేదు.

జులై 16, మంగళవారం

దీవెన తనతో చేలోకి రమ్మంది. తప్పించుకోవడానికి సాకు దొరకలేదు. ద్రాక్షారామం దారిలో ఆటో దిగి గట్టు మీద అర కిలోమీటరు నడిచాం. వర్షాలకి గట్టు జారుతోంది, నా చెప్పు ఒకటి బురదలో దిగబడిపోయింది, దీవెన వంగి తీసి కడిగి ఇచ్చింది. ఆ పిల్ల నా చెప్పు కడుగుతుంటే చూడలేకపోయాను.

ముఠా మేస్త్రి పెద్దింట్లమ్మ. యాభై దాటి ఉంటుంది. మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి నారు కట్ట చంకన పెట్టుకుని వచ్చింది.

"ఎనిమిదో మనిషిని ఎందుకు పెట్టుకోవమ్మా?" అని నేనే అడిగాను. దీవెన అడిగే లోపల అడిగేస్తే నయమనిపించింది.

"దండగండి! ఎనిమిదో మనిషి దండగ. మా అత్త కాలం నుంచీ అంతే."

"మీ అత్త కాలంలో ఎంతమంది దిగేవాళ్లు?"

"అప్పుడా? పదిమందీ దిగేవోళ్లు, పన్నెండుమందీ దిగేవోళ్లు. అప్పుడు తెలీదు కదండి."

"మరి ఎలా తెలిసింది?"

"కాయితంలో ఏశారు కదండి. బొమ్మ కూడా ఉంది. మా రైతుగారబ్బాయి బుజ్జిబాబు గారు కాలేజీలో అదే సదువుకున్నారు. పెద్ద సదువుల్లో ఉందంటే ఉత్తినే పెడతారేంటండి?" అని నన్ను చూసి నవ్వింది. "మీకు తెలీదేంటి, మీరు సెప్పేదే కదా ఇదంతా."

మేమే చెబుతాం. పదమూడేళ్లు నేను ఆ పట్టిక బోర్డు మీద వేసి ఎనిమిదో వరుస కింద ఎర్ర చాక్‌పీసుతో గీత గీశాను.

తిరిగొచ్చే దారి పొడుగునా ఆ అంకె నడిచిన గొలుసు లెక్కపెట్టుకున్నాను. స్టెన్సిల్ నుంచి మూడొందల కాపీలు. వాటిలోంచి జానకిరామ్ గారి గైడు. గైడులోంచి పరీక్ష పేపరు, పేపరు నుంచి వాల్యుయేషన్ కీ. కీలో ఉన్నట్టు ఎనిమిది అని రాస్తేనే మార్కులు. ఆ మార్కులతో పాసైన కుర్రాళ్లెవరో పదిహేడేళ్ల కిందట ఆ పట్టిక బొమ్మతో కరపత్రం వేశారు. కరపత్రం రైతుల చేతికొచ్చింది, రైతులు ముఠాల్ని ఏడుకి కుదించారు. ఇప్పుడు ఎవరైనా వెళ్లి చూస్తే నిజంగానే ఏడుగురుంటారు. పట్టిక నిజమని చేను సాక్ష్యం చెబుతుంది.

'ఎనిమిదో మనిషి దండగ' అన్న మాట జీవరాజు సార్ అన్నారని అందరూ అంటారు. పరీక్షల్లో కొటేషన్ మార్కుల మధ్య రాస్తారు. పట్టిక కింద స్టెన్సిల్లో ఒక లైను ఖాళీ మిగిలితే బోసిగా ఉందని నేను రాసిన ముక్క అది.

జులై 17, బుధవారం

నాలుగో అధ్యాయం తీసెయ్యమని దీవెనకి చెప్పాను.

"తీసేస్తే మిగతా మూడూ దేనికండి? అవన్నీ దీనికోసం రాసినవే కదా" అంది.

"డిగ్రీ ముందు చేతికి రానీ. తర్వాత వ్యాసంగా వేసుకోవచ్చు. జానకిరామ్ గారితో పెట్టుకుంటే ఏమవుతుందో నీకు తెలీదు."

"తప్పు నాదైతే చెప్పండి మేడం, తీసేస్తాను. ఎక్కడ తప్పో చెప్పండి."

ఏం చెప్పను? శాంపిల్ చిన్నదన్నాను. పన్నెండు ముఠాలు సరిపోవన్నాను. ఆ పిల్ల బుద్ధిగా నోట్ చేసుకుంది. "ఆయన ఎన్ని ముఠాలు చూశారండి?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

నీ మంచికే చెబుతున్నానన్నాను.

జులై 18, గురువారం

నిజంగానే ఆ పిల్ల మంచికే.

జులై 22, సోమవారం

రాజమండ్రి వెళ్లాను. కాలేజీకి సెలవు పెట్టి, మా ఆయనకి కంటి డాక్టరు దగ్గరికని చెప్పి. జీవరాజు సార్‌కి ఎనభై నాలుగు. దానవాయిపేటలో మేనకోడలి ఇంట్లో ముందు గదిలో ఉంటున్నారు. చూపు మందగించింది. గొంతు మాత్రం క్లాసులో ఉన్నట్టే ఉంది.

చెప్పేద్దామనే వెళ్లాను. బస్సులో మూడుసార్లు అనుకుని చూసుకున్నాను కూడా. 'సార్, ఆ రోజు రేవులో ఒక కాగితం పోయింది.' అంతే. ఏడు మాటలు.

కాఫీ వచ్చింది. నేను మొదలుపెట్టేలోగా ఆయనే అడిగారు. "ఎనిమిదో మనిషిని ఇప్పటికీ చెబుతున్నారా అమ్మా?"

"చెబుతున్నాం సార్."

"నిన్న మొన్న చూసినట్టుంది నాకు. మీ ముక్తేశ్వరం వైపే కదూ. ఏడుగురు వంగి నాటుతున్నారు. ఎనిమిదో ఆవిడకి చోటు లేదు. నారు కట్ట పట్టుకుని గట్టు మీద నిలబడింది. ఆకుపచ్చ రవిక. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వంక చూసింది. అప్పుడు తట్టిందమ్మా నాకు, ఇదే సూత్రం అని."

అలాంటి మనిషి లేదు. ఆ అంకె నా ఇనప కలం లోంచి వచ్చింది. ముప్పై అయిదేళ్లు చెప్పి చెప్పి ఆయన దానికి మనిషిని పుట్టించారు, రవిక తొడిగారు. తను నిజంగా చూసిన చేను, తను నిజంగా లెక్కపెట్టిన ఆడవాళ్లు ఆయన బుర్రలోంచి పూర్తిగా చెరిగిపోయారు.

"సార్, ఆ రోజు రేవులో..."

"ఏ రేవమ్మా?"

"ఏం లేదు సార్."

"ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను దేవకుమారీ. నా పేరు మీద ఏం మిగిలింది? ఆ ఒక్క మనిషే కదా." ఆయన నవ్వి, తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నారు. "నీ చేత్తో రాసిందే."

బస్సులో వస్తుంటే గోదావరి ఎర్రగా, వంతెన కింద నిండుగా ఉంది. ఇంకా పెరుగుతుందంటున్నారు. నా ఆలోచన మాత్రం ఒక్కటే. ఇక ఆ సంగతి తెలిసినదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే. నేను నోరు మూసుకుంటే అది అబద్ధం కూడా కాదు. ఊరట కలిగింది. ఆ ఊరట చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

జులై 24, బుధవారం

మా ఆయనకి చెప్పేశాను. ముప్పై ఏళ్ల కాపురంలో విజయ్ పాల్ గారికి నేను చెప్పని సంగతి ఇదొక్కటే. టీవీ చప్పుడు తగ్గించి విన్నారు. అంతా విని ఒక్క ప్రశ్న వేశారు.

"ఎవరికి నష్టం కుమారీ?"

"దీవెన డిగ్రీ..."

"అధ్యాయం తీసేస్తే డిగ్రీ వస్తుంది కదా. ఇక నీ టేబులు. ముప్పై అయిదేళ్లయింది, దాని వల్ల ఎవరూ చచ్చిపోలేదే. ఆ పెద్దాయన ఇంకెన్నాళ్లుంటారు? ఆయన పోయాక తీరిగ్గా చెప్పు. ఇప్పుడెందుకు తేనెతుట్టె కదపడం?"

చాలా సబబుగా ఉంది. ఆయన మాటలెప్పుడూ సబబుగానే ఉంటాయి. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై మూడేళ్లు చేసిన మనిషి, ఏ తూము ఎప్పుడు ఎత్తాలో ఏది దించాలో తెలుసు. తిని హాయిగా పడుకున్నాను.

జులై 26, శుక్రవారం

ఒక సంగతి గుర్తొచ్చింది. పోయిన కాగితానికి వెనక వైపు కూడా రాసి ఉంది. పట్టిక ముందు వైపు అయిపోలేదు. తిప్పితే ఇంకో నాలుగు వరుసలు.

జులై 29, సోమవారం

పదకొండు అని ఉంది. ఎర్ర సిరాతో గీత కూడా గీశారు. పడవెక్కే ముందు రేవులో కూర్చుని చదివాను. నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ పిల్ల జులై ఎనిమిదిన పదకొండు అనగానే మళ్లీ చూసుకోమన్నది అందుకే.

పద్నాలుగు వరుసలు స్టెన్సిల్లో పట్టవు. అందుకని పదకొండు దాటాక దిగేదాన్ని ఎనిమిది దగ్గరే దించాను. మర్చిపోయి కాదు, చోటు చాలక. ఇంకో స్టెన్సిల్ అడగడానికి మొహమాటపడి.

ఈ డైరీలో కూడా 'గుర్తులేదు' అని రాసుకున్నాను. ఎవరు చదువుతారని?

ఆగస్టు 1, గురువారం

దీవెన ఫోన్ చేసింది. అధ్యాయం తియ్యలేదట. "మీకు కోపం రావచ్చండి. కానీ తియ్యలేకపోయాను" అంది. మంచిదన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆగస్టు 2, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కమిటీలో ముగ్గురం. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు, జానకిరామ్ గారు, నేను. దీవెన నలభై నిమిషాలు మాట్లాడింది. తడబడలేదు. నాలుగో అధ్యాయం రాగానే జానకిరామ్ గారు కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టారు.

"నువ్వు చూసిన అరవై మూడు ముఠాల్లో ఎంతమంది చొప్పున ఉన్నారమ్మా?"

"ఏడుగురండి."

"అన్నింట్లోనా?"

"అన్నింట్లోనండి."

"మరింకేం! పదకొండు మందైతే లాభమని నువ్వంటున్నావు. రైతులకి తెలీదా? కూలోళ్లకి తెలీదా? లాభముంటే ఎప్పుడో పెట్టుకునేవోరు కాదూ? జీవరాజు గారు చెప్పినట్టే జరుగుతోందని నీ డేటానే చెబుతోంది."

దీవెన నా వైపు చూసింది. నేను లేచాను. కుర్చీ వీపు పట్టుకున్నాను.

"ఆ పట్టిక జీవరాజు గారిది కాదు. నేను వేసింది. ఆయన అసలు కాగితం నా చేతిలోంచి గోదాట్లో పడిపోయింది. దాంట్లో పదకొండు అని ఉంది. స్టెన్సిల్లో చోటు చాలక నేను ఎనిమిది రాశాను" అన్నాను. ఇంకా ఏదో చెప్పాను. పడవ, గాలి, పది వరుసలు. చెబుతున్నకొద్దీ కట్టుకథలా ఉందని నాకే తెలుస్తోంది.

జానకిరామ్ గారు నాకు మంచినీళ్ల గ్లాసు జరిపారు. ఆయన కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి!

"కూర్చోండి మేడం గారు. స్టూడెంటు కోసం ఇంత నింద నెత్తినేసుకునే గైడుని నా సర్వీసులో చూళ్లేదండి."

"నింద కాదండి, నిజం."

"సరే, పెద్దాయన్నే అడుగుదాం" అని రాజమండ్రి ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు. సార్‌కి విషయం రెండు సార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఆయన నవ్విన నవ్వు గదంతా వినిపించింది.

"దేవకుమారేనా? బంగారం లాంటి పిల్ల. ఆ స్టూడెంటు మీద జాలితో అంటోంది, మీరేమీ అనుకోవద్దు. నేను నా కళ్లతో చూశానండీ. ఆకుపచ్చ రవిక."

ఇక నేను చెప్పడానికేం మిగిలింది?

బయటి ప్రొఫెసరు మంచివాడు, రైలు టైమవుతున్నవాడు. రాజీ ఆయనే కుదిర్చాడు. అప్పటి పరిస్థితుల్లో ఎనిమిది సరైనదే, ఇప్పుడు వంగడాలూ నాటే పద్ధతులూ మారినందువల్ల అది పదకొండుకి జరిగింది అని ఒక్క వాక్యం చేరిస్తే అధ్యాయం ఉంచుకోవచ్చు. ఎవరి మాటా పోదు. జానకిరామ్ గారు తన గైడు కొత్త ముద్రణలో దీవెన పేరు కూడా వేస్తానన్నారు. నా మాటలు మినిట్స్‌లో రాయమని అడిగాను.

"అలాంటివి రాయరండి" అన్నారు, మెత్తగా.

సమోసాలు వచ్చాయి. దీవెన పాసైంది.

ఆగస్టు 3, శనివారం

దీవెన కాలేజీకి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరు చెప్పింది నిజమే కదండి?"

"నిజమే."

"నన్ను చాప్టర్ తీసెయ్యమన్నప్పుడు కూడా తెలుసా మీకు?"

"తెలుసు."

"శాంపిల్ చిన్నదన్నారు."

బల్ల మీద కాగితాలు సర్దాను.

"ఆ వాక్యం రాసేస్తానండి. నాకు డిగ్రీ కావాలి" అంది. "ఈ టాపిక్ మీరిచ్చారనుకుంటున్నారు మీరు. నేనే మీ దగ్గరికి తెచ్చానండి. మా అమ్మ పెద్దింట్లమ్మ ముఠాలో ఎనిమిదో మనిషి. నా చిన్నప్పుడు తీసేశారు. అప్పట్నుంచీ రొయ్యల షెడ్డులో చేస్తోంది."

వెళ్లిపోయింది. నమస్కారం పెట్టకుండా వెళ్లడం ఈ అయిదేళ్లలో ఇదే మొదలు.

ఆగస్టు 4, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. తలనొప్పని చెప్పాను.

ఆగస్టు 7, బుధవారం

క్లాసులో పట్టిక గురించి చెప్పాను. ఎనిమిది తప్పు, పదకొండు ఒప్పు అన్నాను. కిరణ్ కుమార్ చెయ్యెత్తి, "పరీక్షలో ఏది రాయమంటారండి?" అన్నాడు. కీలో ఎనిమిదే ఉంటుంది. పిల్లలందరూ పెన్నులు పట్టుకుని నా నోటివంక చూస్తున్నారు. మార్కులు కావాలంటే ఎనిమిది రాయమన్నాను. అందరూ రాసుకున్నారు.

ఎవరికి నష్టం కుమారీ, అన్నారు ఆయన.

ఆగస్టు 11, ఆదివారం

దీవెన వాళ్ల ఇంటికి వెళ్లాను. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. దీవెన లేదు, కాకినాడ వెళ్లిందట. వాళ్లమ్మ మార్తమ్మ ఒక్కతే ఉంది. నన్నెప్పుడూ చూడకపోయినా పోల్చుకుంది. "మేడం గారా! రండి, రండి. మా పాప ఎప్పుడూ మీ మాటేనండి" అని కుర్చీ తుడిచి వేసింది. అంటే ఆ పిల్ల ఇంట్లో ఏమీ చెప్పలేదు.

టీ గ్లాసు అందిస్తుంటే చేతులు చూశాను. పదహారేళ్లు ఐసులో రొయ్యలు వలిచిన చేతులు. రెండు వేళ్లకి గోళ్లు లేవు, చర్మం తెల్లగా నానిపోయినట్టుంది. నేను చూస్తున్నానని చీర కొంగు కిందకి లాక్కుంది.

చెప్పాను. ఈసారి పడవా గాలీ ఏమీ చెప్పలేదు. ఎనిమిదో మనిషి దండగ అన్న మాట నేను రాశాను, అది తప్పు, తెలిసే రాశాను, మిమ్మల్ని తీసేసింది నా వల్లే అన్నాను.

ఆమె వెంటనే నమ్మింది. అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరూ నమ్మలేదు, ఈమె ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా నమ్మింది.

"నన్నెవరూ తియ్యలేదండి" అంది. "పాపకి అలా చెప్పాను గానీ, నేనే మానేశాను. రైతుగారు వచ్చి ఏడుగురు చాలన్నారు. పెద్దింట్లమ్మ పాపం ఎవరినీ ఏమీ అనలేక నాలుగు రోజులు అన్నం తినలేదు. నేను నాట్లలో పాట ఎత్తేదాన్నండి. పాట ఎత్తే మనిషికి చెయ్యి కొంచెం నెమ్మదిగా ఉంటది కదా. ఎనిమిదో మనిషి దండగ అంటే నేనే అయ్యుంటాననుకున్నా. ఆళ్ల నోటితో అనిపించుకోవడం ఎందుకులే అని, మర్నాడు ఒంట్లో బాలేదని కబురెట్టేశాను. అంతేనండి."

క్షమించమని అడగడానికే వెళ్లాను. అడిగితే ఆ తల్లి వెంటనే క్షమించేసేలా ఉంది. అందుకని అడగలేకపోయాను.

"అయితే మేడం గారు," అంది, "ఎంతమంది దాకా పర్లేదండి?"

"పదకొండు మంది దాకా."

ఆమె కొంగు కింద నుంచి చేతులు బయటికి తీసి వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. పెద్దింట్లమ్మ, లక్ష్మి, సారమ్మ... పేర్లు పైకే చెప్పుకుంటూ ఏడుగురు. ఎనిమిదో వేలు ముడిచి 'నేను' అంది. ఇంకా రెండు వేళ్లు మిగిలాయి. వాటి వంక చూసింది. అవి కూడా ముడిచి, పదకొండో మనిషికి ముడవడానికి వేలు లేక, ఒక్కసారి తల ఊపింది.

"అయితే నా తర్వాత ఇంకో ముగ్గురికి కూడా చోటుండేదన్నమాట."

ఉండేది, అన్నాను.